నూటికి నలభై నాలుగు పైసలు: ఇరవై ఒక్క ఏళ్ల ఎండోమెంట్ పాలసీ గిట్టిందా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు రాస్తాను, తేడా ఉంటే దిద్దండి. సొంతూరు మదనపల్లె, బెంగళూరు పీణ్యాలో ఉద్యోగం. 2004 ఏప్రిల్‌లో, మీకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు, వరసకు పెదనాన్న అయ్యే ఏజెంటు మాట కాదనలేక 5 లక్షల ఎండోమెంట్ పాలసీ (ప్రాణానికి బీమా, పొదుపు రెండూ కలిపినది) తీసుకున్నారు. 21 ఏళ్లు, ఏటా 26,640 రూపాయలు, ఒక్క ఏడూ తప్పకుండా కట్టారు. మొత్తం 5,59,440. 2025 ఏప్రిల్‌లో ఖాతాలో పడింది 10,28,500. మీ ఆవిడ "దాదాపు రెట్టింపు వచ్చింది కదా" అంటున్నారు. మీ బావమరిది "నిండా మునిగావు బావా" అంటున్నాడు. వీళ్లిద్దరిలో ఎవరు రైటన్నది ఒక ప్రశ్న. 2015 నవంబర్‌లో తీసుకున్న ఇంకో పాలసీ సగంలో ఉంది, దాన్ని ఆపేయాలా అన్నది రెండోది.

నేను ఇరవై ఆరేళ్లు ఒక బీమా ఆఫీసులో, అందులో ఎక్కువ కాలం క్లెయిముల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. రామ్మూర్తి నగర్‌లో మా ఇంటి వసారాలో ఆదివారం పూట ఇలాంటి బాండ్లు పట్టుకొచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. అందరూ అడిగేది ఒకటే, "ఎంతొచ్చింది?" అని. అడగాల్సింది "ఏ వడ్డీకి వచ్చింది?" అని. మన ఊళ్లలో ఎవరికైనా చేబదులు ఇస్తే రూపాయి వడ్డీనా, రూపాయిన్నర వడ్డీనా అని ముందే తేల్చుకుంటాం. నోటు రాయించుకోకుండా పదివేలు ఇవ్వం. అదే మనిషి ఇరవై ఒక్క ఏళ్ల పాలసీ మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆ మాటే ఎత్తడు.

కాబట్టి ముందు వడ్డీ తేలుద్దాం. కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి, ఒక వరసలో ప్రీమియం కట్టిన తేదీలు, పక్క వరసలో కట్టిన మొత్తాలు మైనస్ గుర్తుతో వేయండి. ఆఖరున డబ్బొచ్చిన తేదీ, ఎదురుగా 10,28,500 ప్లస్‌లో. కింద ఎక్స్ఐఆర్ఆర్ అనే ఫార్ములా పెడితే రేటు వచ్చేస్తుంది. మీ అంకెలకు నేను వేసి చూశాను, ఏడాదికి సుమారు 5.2 శాతం. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు 44 పైసల వడ్డీ. చక్రవడ్డీయే అనుకోండి, అయినా 44 పైసలే.

"రెట్టింపు" అన్న మాట ఎందుకు మోసం చేస్తుందంటే, మొదటి ప్రీమియం 21 ఏళ్లు ఉంది, ఆఖరిది ఒక్క ఏడే ఉంది. అన్నింటినీ ఒకే కుప్పగా పోసి పోల్చేస్తాం. మీ ఆవిడ పొరపాటేమీ లేదు, బీమా కంపెనీల కరపత్రాలు కూడా అలాగే పోల్చి చూపిస్తాయి.

ఇంత తక్కువ ఎందుకొచ్చిందో బోనస్ పట్టిక చూస్తే తెలుస్తుంది. మీ పాలసీకి సగటున వెయ్యికి 47 రూపాయల బోనస్ పడింది. వెయ్యికి 47 అంటే 4.7 శాతం వడ్డీ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఆ 47 లెక్క బీమా మొత్తం మీద. అంటే 5 లక్షల మీద ఏటా 23,500. మొదటి ఏడాది మీరు కట్టింది 26,640, పడిన బోనస్ 23,500. వినగానే అబ్బో అనిపిస్తుంది. కానీ ఆ 23,500 మీ చేతికొచ్చేది ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత. అప్పటికీ అది 23,500గానే ఉంటుంది, దానిమీద మళ్లీ బోనస్ పడదు. చెట్టుకు కాసిన కాయ చెట్టుకే ఉండి ఎండిపోయినట్టు. ఇలా 21 బోనస్‌లు కలిపితే 4,93,500, అసలు బీమా మొత్తం 5 లక్షలు, చివర్లో అదనపు బోనస్ 35,000. ఇవి కూడితే 10,28,500.

ఇక పోలిక. దేనితో పోల్చాలన్న దగ్గరే బావమరుదులందరూ దారి తప్పుతారు. "ఆ డబ్బుతో బంగారం కొనుంటే?" అంటారు. 2004లో పది గ్రాములు ఆరు వేల చుట్టూ, 2025 ఏప్రిల్‌లో లక్ష తాకింది. నిజమే. వైట్‌ఫీల్డ్‌లో సైటు సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ గెలిచిన గుర్రం ఏదో పందెం అయ్యాక అందరికీ తెలుస్తుంది. సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు తాకి అదే అక్టోబర్ ఆఖరుకు 8,500కు పడినప్పుడు మీ బావమరిది ఏం చేశాడో కూడా అడగండి.

పోలిక అంటే అదే రకం సరుకుతో ఉండాలి. మీ పాలసీలో రెండున్నాయి: ప్రాణానికి బీమా, రిస్కు లేని పొదుపు. ఈ రెండింటినీ విడివిడిగా కొనుంటే? 2004లో 5 లక్షల టర్మ్ పాలసీకి (బీమా ఒక్కటే, గడువు తీరాక తిరిగేమీ రాదు) ఏటా 1,640 పోయిందనుకుందాం, మిగతా 25,000 ఏటా ఏప్రిల్ మొదటి వారంలో పీపీఎఫ్ అనే ప్రభుత్వ పొదుపు ఖాతాలో వేశారనుకుందాం. పీపీఎఫ్ వడ్డీ 2011 నవంబర్ దాకా 8 శాతం, తర్వాత 8.6, 8.8, 8.7, ఆపై మెల్లగా దిగి 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర ఆగింది. ఏ ఏడు రేటు ఆ ఏడుకు వేసి కూడితే 2025 ఏప్రిల్‌కు 13 లక్షల 29 వేలు. పొదుపు భాగానికి వచ్చిన రేటు సుమారు 7.8, అంటే 65 పైసలు. పదిహేనేళ్లకు పీపీఎఫ్ ముగుస్తుంది కదా అనొచ్చు. అయిదేళ్లకోసారి పొడిగించుకునే వీలుంది.

తేడా మూడు లక్షలు. పన్ను రాయితీ చెప్పి ఈ తేడాను పూడ్చలేం. ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్ కింద రెండూ ఒకటే, చేతికొచ్చేటప్పుడు రెంటికీ పన్ను లేదు. పైగా మీలాంటి ఉద్యోగులకు పీఎఫ్ కోతతోనే ఆ పరిమితిలో చాలా భాగం నిండిపోతుంది.

ఇంకో కొలత కూడా ఉంది, ఇది కాస్త చేదుగా ఉంటుంది. ఆస్తి అమ్మితే లాభం లెక్కకట్టడానికి ఆదాయపు పన్ను శాఖ ధరల పెరుగుదల సూచీ ఒకటి ప్రకటిస్తుంది. 2004-05కు అది 113, 2025-26కు 376. అంటే ఏటా 5.9 శాతం. ఆ సూచీ వినియోగ ధరల పెరుగుదలలో ముప్పావు వంతునే లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి అసలు ధరలు అంతకంటే ఎక్కువే పెరిగాయి. మీ పాలసీ 5.2 ఇచ్చింది. రూపాయలు పెరిగాయి గానీ వాటికి వచ్చే బియ్యం పెరగలేదు.

బీమా సంగతికొద్దాం, నాకు దాని గురించే ఎక్కువ బాధ. నేను క్లెయిముల్లో ఉన్న రోజుల్లో హోస్కోటె వైపు నుంచి ఒకావిడ వచ్చింది. లారీ డ్రైవర్ భార్య, మన తెలుగావిడే. పసుపు అంటిన గుడ్డలో బాండు, దారంతో గుచ్చిన ప్రీమియం రసీదులు, ఒక్కటీ తప్పిపోలేదు. ఏడాదికి నాలుగుసార్లు, పన్నెండేళ్లు. నేను ఫారాలన్నీ నింపించి, బీమా 50 వేలు, బోనస్ ఇంత అని చెప్పాను. ఆవిడ రసీదుల కట్ట వైపు చూసి, "ఇంతేనా సార్?" అంది. ఆ రెండు మాటలకూ నా దగ్గర జవాబు లేదు. క్లెయిం సకాలంలోనే వచ్చింది, ఎవరూ మోసం చేయలేదు, కానీ అది ఆ ఇంటికి ఒక ఏడాది ఇంటి ఖర్చు కూడా కాదు.

మీ 5 లక్షలు కూడా అంతే. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు ఉన్న మనిషికి అది రెండేళ్ల గాసం. అదృష్టం బాగుండి మీకు ఆ అవసరం రాలేదు. ఏటా 26 వేలు కట్టగలిగిన మనిషి అందులో నాలుగో వంతుతో అంతకు మూడింతలకు పైగా బీమా కొనుక్కోగలిగేవాడు. ఎండోమెంట్ అసలు లోపం వడ్డీలో లేదు. కట్టేది పెద్ద మొత్తం కావడంతో బీమా చిన్నదై కూర్చుంటుంది, ఇంటాయనకేమో "నాకు పాలసీ ఉంది" అన్న ధీమా ఉంటుంది.

ఇంత తిట్టాక ఒక మాట మీ పెదనాన్న తరఫున. అప్పట్లో దీర్ఘకాల పాలసీల మీద ఏజెంటుకు మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా, తర్వాత రెండేళ్లు 7.5, ఆ తర్వాత 5 శాతం వచ్చేది. ఆయన టర్మ్ పాలసీ ఎందుకు చూపించలేదో దీంతో తెలిసిపోతుంది. కానీ ఆయన రాకపోయుంటే మీరు పీపీఎఫ్ ఖాతా తెరిచేవారా? ఇది నేను జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. 2004 నుంచి మీ చేతిలో స్వేచ్ఛగా ఉన్న డబ్బు ఏమైందో చూసుకోండి. చీటీలు వేశారని రాశారు. ఆ చీటీ పాడిన డబ్బు ఇప్పుడెక్కడుంది? బండికో, చెల్లెలి పెళ్లికో, ఊళ్లో బోరుబావికో పోయుంటే తప్పేం కాదు, కానీ అప్పుడు మీ విషయంలో పోల్చాల్సింది పీపీఎఫ్‌తో కాదు, సున్నాతో. ఆ మూడు లక్షలూ తాళం ఖరీదు అనుకోండి. ఖరీదైన తాళమే, అయినా మీ ఇంట్లో నిలిచిన పది లక్షలు దాని వెనకున్నవే.

ఒకటి మాత్రం వెంటనే చూడండి. బాండు చివరి పేజీల్లో, మెచ్యూరిటీ తర్వాత కూడా బీమా కొనసాగుతుందా అన్నది ఉంటుంది. కొన్ని ఎండోమెంట్ పాలసీలకు జీవితాంతం బీమా జతచేసి ఉంటుంది. మెచ్యూరిటీ డబ్బు ఇచ్చేశాక కూడా, మనిషి ఎప్పుడు పోయినా నామినీకి బీమా మొత్తం ఇంకోసారి వస్తుంది, ప్రీమియం కట్టక్కర్లేదు. మీది ఆ రకమైతే, మీ ఎనభయ్యో ఏట రాబోయే 5 లక్షల విలువ ఏడు శాతం లెక్కన ఈరోజుకు 65 వేల చిల్లర. అది కలిపితే రేటు 5.7 దాకా పోతుంది. డబ్బొచ్చేసింది కదా అని బాండు పారేసినవాళ్లు, పిల్లలకు చెప్పకుండా పోయినవాళ్లు ఎందరో. నా సర్వీసులో ఇలాంటి క్లెయిములు అడగడానికి వచ్చినవాళ్ల కంటే రానివాళ్లే ఎక్కువని నా అనుమానం.

ఇప్పుడు రెండో పాలసీ. దీని మీద మీరు రాసిన వాక్యం: "మొదటిది ముంచింది కాబట్టి ఇదీ ఆపేద్దామనుకుంటున్నా." దయచేసి ఆగండి. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది.

మీరిచ్చిన వివరాలు: బీమా 8 లక్షలు, 20 ఏళ్లు, ఏటా 42,000, పది ప్రీమియంలు కట్టారు. బోనస్ వెయ్యికి 43 లెక్కన ఇప్పటికి 3,44,000 జమైంది. ఇప్పుడు సరెండర్ చేస్తే, అంటే పాలసీ వదిలేసి డబ్బు వెనక్కి తీసుకుంటే, 3,60,000 ఇస్తామన్నారు. కట్టింది 4,20,000. అరవై వేలు నష్టం కనిపిస్తోంది, ఆ నష్టాన్ని కాసేపు మర్చిపోండి. పోయిన నీళ్లకు కట్ట కట్టలేం. ఈ 3,60,000ను అక్కడే ఉంచి, ఇంకో పది ప్రీమియంలు కడితే 2035లో ఏమొస్తుందన్నదే ఇప్పటి ప్రశ్న.

బోనస్ ఇలాగే పడితే 8 లక్షలు, ప్లస్ 6,88,000, మొత్తం 14,88,000. చివరి అదనపు బోనస్ నేను లెక్కలోకి తీసుకోలేదు. మొదటి నుంచి చూస్తే ఈ పాలసీ కూడా అయిదు చిల్లర శాతమే. కానీ ఈరోజు నుంచి చూస్తే, అంటే ఇప్పుడు వదులుకునే 3,60,000నూ ఇకపై కట్టే పది 42,000లనూ పెట్టుబడిగా లెక్కేస్తే, రేటు సుమారు 8.4 శాతం. పన్ను లేకుండా. బోనస్ వెయ్యికి 38కి పడిపోయినా 8 శాతం చుట్టూ ఉంటుంది. ఇవాళ పీపీఎఫ్ ఇచ్చేది 7.1.

ఇలా ఎలా అవుతుంది? బోనస్ మీద బోనస్ పడదని పైన చెప్పాను కదా, అదే కారణం. మీ పాలసీలో ఒక్కో ప్రీమియం తెచ్చిపెట్టేది సరిగ్గా ఒకే మొత్తం: బీమాలో ఇరవయ్యో వంతు 40,000, ఆ ఏటి బోనస్ 34,400, కలిపి 74,400. 2015లో కట్టిన మొదటి 42,000 ఇరవై ఏళ్లు మగ్గి 74,400 అవుతుంది, అంటే ఏడాదికి 2.9 శాతం, పాతిక పైసల వడ్డీ కూడా కాదు. 2034లో కట్టబోయే ఆఖరి 42,000 ఒక్క ఏడాదిలో అదే 74,400 అవుతుంది. పులుసులో ముక్కలన్నీ అడుగునే ఉన్నాయన్నమాట. నీళ్లు తాగేసి ముక్కల దగ్గరికొచ్చాక గిన్నె పక్కకు నెట్టేస్తానంటున్నారు మీరు.

ఇదే ప్రశ్న మీరు 2018లో, మూడు ప్రీమియంలు కట్టి అడిగుంటే ఆపేయమనేవాణ్ణి. అప్పుడు చేతికొచ్చేది తక్కువే అయినా, ముందున్న పదిహేడేళ్ల రేటు ఆరున్నర చుట్టూ తేలుతుంది. ఆ ఏడాది పీపీఎఫ్ 7.6 నుంచి 8 ఇచ్చింది.

మధ్యేమార్గంగా పెయిడప్ చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు, అంటే ఇక కట్టకుండా, ఉన్నదాన్ని 2035 దాకా అలాగే ఉంచడం. కొనసాగించడం కంటే అది నష్టమే. బీమా సగమై 4 లక్షలవుతుంది, జమైన 3,44,000 అలాగే ఉంటుంది, కొత్త బోనస్ రాదు. 2035లో 7,44,000. దానికీ కొనసాగించడానికీ మధ్య తేడా చూస్తే, మీరు కట్టబోయే పది ప్రీమియంలు పది శాతం పైన సంపాదిస్తున్నాయి.

నేనూ ఆ తప్పే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా. 1991లో తీసుకున్న నా ఇరవై ఏళ్ల పాలసీని 2006లో, షేర్లు ఊపు మీదున్నాయని, పదిహేనేళ్లు కట్టి పెయిడప్‌లో పెట్టేశాను. ఆ ప్రీమియం డబ్బు తీసుకెళ్లి షేర్లలో వేశాను. 2008లో దాని గతి ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. రోజంతా ఇతరుల పాలసీల లెక్కలు కట్టే మనిషిని, నా పాలసీలో మిగిలిన అయిదు ప్రీమియంలే అన్నిటికంటే బలిసినవని చూసుకోలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు.

ఇప్పుడు చేయాల్సింది. నవంబర్ ప్రీమియంకు ముందు బ్రాంచికి వెళ్లి సరెండర్ విలువ, పెయిడప్ విలువ రెండూ కాగితం మీద రాయించుకోండి. కౌంటర్లో నోటిమాటగా చెప్పిన అంకె మీద నిర్ణయం వద్దు. రాసిచ్చిన సరెండర్ విలువ నాలుగు లక్షలు దాటిందంటే నా లెక్క మారుతుంది, కొనసాగించే రేటు ఎనిమిది కంటే దిగుతుంది. అప్పుడు మళ్లీ అడగండి. ఏడాది ప్రీమియంకు గడువు దాటాక నెల రోజుల వెసులుబాటు ఉంటుంది, కంగారు లేదు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ తీసేశారు. మీరు అంతకుముందు దాకా 42,000 మీద అదనంగా రెండుంపావు శాతం కట్టుంటారు, ఈసారి నోటీసులో అది లేకుండా చూసుకోండి.

పాలసీ ఏ కంపెనీదో మీరు రాయలేదు. ఎల్ఐసీది అయితే 1956 నాటి చట్టం 37వ సెక్షన్ కింద బీమా మొత్తానికీ, ప్రకటించిన బోనస్‌కూ కేంద్ర ప్రభుత్వం హామీ ఉంది. ప్రైవేటు కంపెనీది అయితే ఆ హామీ ఉండదు. గత అయిదేళ్ల బోనస్ రేట్లు తెప్పించుకుని, ఏటా దిగుతున్నాయేమో చూడండి. నా 8.4 అంతా ఆ బోనస్ నిలబడుతుందన్న నమ్మకం మీదే ఉంది.

చేతికొచ్చిన 10 లక్షల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నా. మీ పెదనాన్న ఈపాటికే ఒక సింగిల్ ప్రీమియం (మొత్తం ఒకేసారి కట్టే) పథకం కాగితం పట్టుకొచ్చి ఉంటారు. కాఫీ ఇవ్వండి, బాగోగులు అడగండి, కాగితం తీసుకోండి. అందులోని అంకెలు ఎక్సెల్‌లో వేసి ఎన్ని పైసల వడ్డీ అవుతుందో చూసేదాకా సంతకం మాత్రం పెట్టకండి. మీకిప్పుడు యాభై, పెద్దమ్మాయి ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉందన్నారు. రెండో పాలసీలోని 8 లక్షల బీమా ఆమె చదువు పూర్తయ్యేదాకా కూడా చాలదు. అరవై ఏళ్ల వయసు దాకా ఉండే టర్మ్ పాలసీకి ఈ వారంలోనే రేటు కనుక్కోండి. షుగరు, బీపీ ఏదైనా ఉంటే అప్లికేషన్‌లో దాచకుండా రాయండి. మూడేళ్లు దాటితే పాలసీని ప్రశ్నించకూడదని బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉన్నా, ఆ మూడేళ్లలోపే ఏదైనా జరిగితే కౌంటర్ ముందు నిలబడాల్సింది మీ ఆవిడే.